కళ్లద్దాలు పోగొట్టుకున్నవాడి పాట

ముసురు పట్టి వదలడం లేదు. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మోసే దారంతా బురదై డంపర్లు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. బండ్లు నిలబడితే మరమ్మతు షెడ్డులో మాకు పని ఎక్కువ. ఆ పొద్దు మొదటి షిఫ్టులో నేను ఒక డంపరు కింద పడుకుని నూనె కారుతున్న పైపు విప్పుతున్నాను. పిట్ సెక్రటరీ వచ్చి వంగి చూశాడు. యూనియన్ తరఫున మా గనికి పెద్ద ఆయనే. నౌకరీలో మాత్రం మాలాగే ఫిట్టరు.

"మీ బావ పోయిండట," అన్నాడు. "నాకెవలో ఫోన్ జేసి చెప్పిండ్రు. నిజమో కాదో నువ్వొకపారి అరుసుకో."

చావు కబురును కూడా ఆయన అనుమానించాకే చెప్పాడు. నేను చేతులు తుడుచుకుని అక్కకు ఫోన్ చేశాను. నిజమే. ఛాతీలో నొప్పి అన్నాడట, ఆటో ఎక్కించారట, దవాఖాన చేరకముందే అయిపోయిందట. పైపు సగం విప్పి ఉంది. నూనె అంతా కారిపోతుందని దాన్ని మళ్లీ బిగించి, షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పి బయలుదేరాను. తెలంగాణ వచ్చి అప్పటికి రెండు నెలలు కాలేదు.

ఆయన మా పెద్దక్క భర్త. నేను పనిలో చేరిన రోజు నుంచి ఆయన రిటైరయ్యే దాకా ఆయన చేతి కిందే ఉన్నాను. నేను బావా అని పిలిస్తే షెడ్డులో అందరూ బావా అన్నారు. చివరికి జపాన్ నుంచి వచ్చిన సారు కూడా అదే పిలుపు పట్టుకున్నాడు. బావ గురించి గోదావరిఖనిలో ఇప్పటికీ రెండు రకాల మాటలున్నాయి. సమ్మె రోజుల్లో ఎక్కడికి పోయేవాడు, ఎందుకు పోయేవాడు అని చావింటి ముందు కూడా ఇద్దరు ముగ్గురు మెల్లగా అడిగారు. నేను చూసినంత వరకు చెబుతాను.

ముందు మా సద్ది సంగతి చెప్పాలి. షెడ్డులో మధ్యలో పేపరు పరిచి గ్యాంగు మొత్తం చుట్టూ కూర్చునేవాళ్లం. ఎవరి అన్నం వాళ్లదే, కూరలు మాత్రం అందరివీ ఒకే పెద్ద మూతలో పోసేవాళ్లం. ఇంట్లో గొడవైతే ఆ కూర రుచి చెప్పేది, ఎవరింట్లో చుట్టాలొచ్చారో ముక్కలు చెప్పేవి. ఇది తిండి కోసం పెట్టుకున్న పద్ధతే కాదు. టన్నుల బరువున్న ఇనుము గొలుసు మీద వేలాడుతుంటే దాని కింద పడుకుని బోల్టు బిగించాలి. పైన గొలుసు పట్టుకున్నవాడు మన మూతలో చెయ్యి పెట్టినవాడై ఉండాలి. లేకుంటే ఎవడూ కింద పడుకోడు. మూతలో చెయ్యి లేనివాడికి షెడ్డులో పని లేనట్టే.

బావకు మాటలు తక్కువ. ఉన్న కొన్ని మాటల్లో ఒకటి నాకు రోజూ వినబడేది. "బిగుసుకపోయిన బోల్టును కొట్టద్దు బామ్మర్దీ. నూనె పొయ్యి. పోయి ఛాయ తాగి రా. అదే ఇడుస్తది." పని చేసేటప్పుడు ముక్కుతో ఏదో రాగం తీసే అలవాటు ఉంది. రేడియోలో విన్నది కావచ్చు, బర్రె అరిచింది కావచ్చు, చెవిన పడితే దిగిపోయేది.

ఆ చెవే ఆయన్ని ఇరికించింది. మా గనికి జపాన్ నుంచి పెద్ద షవల్ వచ్చింది. బొగ్గు మీది మట్టిని తవ్వే యంత్రం. ముక్కలుగా వచ్చిన దాన్ని బిగించడానికి నలుగురు జపాన్ ఇంజినీర్లు వెంట వచ్చారు. వాళ్లలో పెద్దాయన పనిలో నవ్వడు. హెల్మెట్ ఎంత సూటిగా పెట్టుకుంటాడో మాట అంత సూటిగా ఉంటుంది. ఒకరోజు ఆయన కొలతలు చూసుకుంటూ ఏదో పాట గొణుక్కున్నాడు. పైన బోల్టు బిగిస్తున్న బావ అదే రాగాన్ని ముక్కుతో తిరిగి పాడాడు. జపాన్ సారు ఆగిపోయి పైకి చూశాడు. ఇంకో ముక్క పాడాడు. బావ అదీ పాడాడు. అప్పుడు మేం మొదటిసారి ఆయన పళ్లు చూశాం.

ఆ ఆదివారం బావను జ్యోతినగర్ దిక్కున్న గెస్టుహౌస్‌కు రమ్మన్నాడు. తరువాత ప్రతి ఆదివారమూ.

ముందు అనుమానం అక్కకే వచ్చింది. నన్ను క్వార్టరుకు పిలిపించింది.

"తమ్మీ, మీ బావ ఇస్త్రీ అంగి ఏసుకుంటుండు. నెత్తికి నూనె రాస్తుండు. తానం చేసుకుంట పాడుతుండు. ఏడికి పోతున్నడు?"

"గెస్టుహౌస్‌కు అక్కా. జపానోళ్ల దగ్గరికి."

"ఆడోళ్లా మొగోళ్లా?"

"మొగోళ్లే."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

"నలుగురినీ సూసినవా?"

బావ లోపలి నుంచి వింటూనే ఉన్నాడు. బయటికి వచ్చి, "పాటలు పాడుతున్నమే," అన్నాడు.

"ఏం పాటలు?"

"నవ్వొచ్చే పాటలు."

అక్క నా వైపు చూసింది. ఆమె ముఖం చూస్తే, బావ అంతకంటే మంచి అబద్ధం చెప్పి ఉండాల్సిందని అనిపించింది.

ఆమె తప్పు లేదు. మా దగ్గర పాటంటే దానికి ఒక పని ఉంటుంది. నాటుకు పాట, పెళ్లికి పాట, బతుకమ్మకు పాట, చావుకు పాట. సమ్మెకు, ఊరేగింపుకు, పోయిన కామ్రేడుకు పాట. గొంగడి భుజాన వేసుకుని ఒకడు లేచి నిలబడితే ఎందుకు లేచాడో కూర్చున్నవాళ్లకు తెలుసు. ఏ పనీ లేని పాట ఒకటుంటుందని, దాన్ని సముద్రం దాటి వచ్చిన ఇంజినీర్లు ఆదివారం పూట మైకు పట్టుకుని పాడతారని నమ్మడం ఎవరికైనా కష్టమే.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలయ్యే నాటికి షవల్ దాదాపు నిలబడింది. పెద్ద చెయ్యి ఒక్కటే ఎత్తాలి. గనులన్నీ ఆగాయి. మేం గని ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. జపాన్ వాళ్లు పని లేక గెస్టుహౌస్‌లో ఉండిపోయారు. బావ పొద్దంతా టెంటులో కూర్చుని, ఆదివారం మాత్రం ఎప్పటిలాగే జ్యోతినగర్ ఆటో ఎక్కాడు.

వద్దని నేను చెప్పాను. "ఇప్పుడు పోతే ఏమనుకుంటరో సూడు బావా."

"ఏమనుకుంటరు? సమ్మె పనికి గదా. నేను పనికి పోతలేను."

టెంటులో పిట్ సెక్రటరీ లెక్క వేరేగా ఉంది. మనిషి మంచివాడే. కానీ ఎదుటివాడు తుమ్మినా ఎవరి తరఫున తుమ్మాడో చూసేవాడు. దగ్గరివి చదవడానికి కళ్లద్దాలు పెట్టుకుని, చదవడం అయ్యాక నెత్తి మీదికి నెట్టి, తరువాత వాటి కోసం అందరినీ అడిగేవాడు. ఆయన అన్నాడు: "పెద్ద చెయ్యి ఎత్తుడొక్కటే మిగిలింది. బయటి మనుషులను దెచ్చి ఎత్తిస్తరు. ఏ బోల్టు ఏడికో చెప్పెటోడు ఒకడు కావాలె. ఎవడు చెప్తడు?" ఎవరూ పేరు అనలేదు. మర్నాడు టెంటులో సద్ది విప్పినప్పుడు ఆయన వంకాయ ఎండుచేపల కూరను మూతలో పోయలేదు. తన గిన్నె మీద తన చెయ్యి కప్పుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకడు, వాణ్ని చూసి మరొకడు. పెద్ద మూత దాదాపు ఖాళీ. బావ తెచ్చిన పప్పు ఒక్కటే దాంట్లో ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు. సమ్మె అయిపోయి షెడ్డు తెరిస్తే బావ కింద ఎవడు పడుకుంటాడు, ఎవడి కింద బావను పడుకోనిస్తారు అని ఆ రోజే నాకు గుబులు పట్టింది.

బావ పప్పన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. "కొట్టద్దు బామ్మర్దీ," అన్నాడు నాతో. "నాననియ్యి."

తరువాతి ఆదివారం పిట్ సెక్రటరీ నన్నూ మా వెల్డర్ భాయిని వెంటబెట్టుకుని గెస్టుహౌస్‌కు బయలుదేరాడు. దొరకబట్టాలని. నన్ను ఎందుకు తీసుకుపోయాడంటే, వదిలేస్తే ముందే ఫోన్ చేస్తానని. షేర్ ఆటోలో నా ఫోన్ ఆయన జేబులోనే ఉంది.

గెస్టుహౌస్ వరండా మీదికి వెళ్లి కిటికీలోంచి చూశాం. మిట్టమధ్యాహ్నం. లోపల టీవీకి ఒక పెట్టె తగిలించి ఉంది. దాంట్లోంచి వాయిద్యాలు మోగుతున్నాయి, పాడే గొంతు లేదు. తెర మీద జపాన్ అక్షరాలు ఒక్కొక్కటే రంగు మారుతున్నాయి. దీన్నే కరావోకే అంటారని తరువాత తెలిసింది. బావ నెత్తికి తువ్వాల చుట్టుకుని, ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో తన జేబులు తడుముకుంటున్నాడు. ఎడమ జేబు, కుడి జేబు, వెనుక జేబు.

"సూసినవా," అన్నాడు పిట్ సెక్రటరీ గుసగుసగా. "జేబుల ఏదో కాయితం ఉన్నది. దానికోసమే ఎతుకుతుండు."

"కాయితం గాదు భాయ్," అన్నాడు వెల్డర్. "నాచ్ జేస్తుండు."

పాట అయిపోయింది. నలుగురు జపాన్ వాళ్లు స్టీలు గ్లాసుల మీద చెంచాలతో కొట్టారు. పని దగ్గర నవ్వని పెద్దసారు కళ్లు తుడుచుకుంటున్నాడు. కిటికీలో మా తలలు చూసి ఆయనే తలుపు తీశాడు. లోపల కూర్చోబెట్టి ఛాయ పోయించి, మైకు తెచ్చి పిట్ సెక్రటరీ చేతిలో పెట్టాడు.

పిట్ సెక్రటరీ మైకును దూరంగా పట్టుకున్నాడు. "మైకిస్తే మాట్లాడుత గని పాడ," అన్నాడు. తరువాత బావ వైపు తిరిగాడు. "పాట సరే. దీని అర్థమేంది?"

బావకు జపాన్ భాష రాదు, అక్షరం రాదు. మాటలు చెవితో పట్టుకున్నాడు. అర్థం సారు నటించి చూపిస్తే తెలుసుకున్నాడు. అట్లాంటివి నాలుగు పాటలు నేర్చుకున్నాడు. ఒకటి, ఎంత గుంజినా భూమిలోంచి రానని మొండికేసిన ముల్లంగి గురించి. ఒకటి, తానం చేసేవాడి చేతిలోంచి జారి వీధంతా తిరిగొచ్చే సబ్బు గురించి. ఒకటి, పెద్ద మీటింగులో గుర్రుమన్న ఆఫీసరు కడుపు గురించి. ఆ రోజు పాడింది నాలుగోది. చెప్పాడు.

"ఒకాయన పొద్దుగాల లేస్తడు. కండ్లద్దాలు కనబడవు. జేబులు సూసుకుంటడు. పక్కింటాయనను అడుగుతడు. ఆయన ఈయన నెత్తి దిక్కు సూసి, నాకు తెల్వదంటడు. టికెట్లాయనను అడుగుతడు. ఆయన గూడ నెత్తి దిక్కు సూసి, తెల్వదంటడు. ఊరంత గట్లనే. ఇంటికొచ్చి అన్నం ముందట తల వంచుతడు. నెత్తి మీది అద్దాలు పులుసుల పడుతయి."

"ఆ?"

"గంతే."

"గంతేనా?"

"గంతే అన్నా."

పిట్ సెక్రటరీ చెయ్యి ఆయనకు తెలియకుండానే నెత్తి మీదికి పోయింది. అద్దాలు అక్కడే ఉన్నాయి. ముఖం నల్లబడింది. మైకు బల్ల మీద పెట్టి లేచాడు.

"నా మీద పాట కట్టి పరాయోళ్ల ముందట ఆడిపిస్తున్నవా?"

బావ ఎంత చెప్పినా వినలేదు. వెల్డర్ భాయి నవ్వు ఆపుకోలేక బయటికి పోవడం ఇంకా చెడ్డదైంది. పని కోసం పోయాడన్న అనుమానం పోయి, దానికంటే పెద్దది వచ్చి కూర్చుంది. ఆ వారమంతా టెంటులో బావ పేరు జపాను బావ. ఆయన గిన్నె ఆయనదే. నేను పక్కన కూర్చుని తిన్నాను. నా కూర కూడా ఎవరూ ముట్టలేదు.

బతుకమ్మ దగ్గరికి వస్తుండగా టెంటు వాళ్లం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. ఆడవాళ్లు కూడా వచ్చారు. అక్క వచ్చింది కానీ బావకు దూరంగా కూర్చుంది. బంతిలో విస్తర్లు వేస్తుంటే వడ్డించేవాడు బావ ముందు ఆగి పిట్ సెక్రటరీ వైపు చూశాడు. ఆయన వేరే దిక్కు చూశాడు. వడ్డించేవాడు దాటిపోయాడు. బావ ముందు ఖాళీ విస్తరి. ఆయన లేవలేదు. విస్తరి ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడే రెండు కార్లు వచ్చి పొయ్యిల ముందు ఆగాయి. సమ్మె ఎప్పుడు తెగుతుందో తెలియక జపాన్ వాళ్లను వాళ్ల కంపెనీ వెనక్కి రమ్మందట. పెద్దసారు దిగాడు. "బావా సాన్," అని వంగి నమస్కారం పెట్టాడు. బావ లేచి తనూ వంగాడు. సారు ఖాళీ విస్తరి చూశాడు. మా ముఖాలు చూశాడు. ఏం అర్థమైందో నాకు తెలియదు. తన కళ్లద్దాలు తీసి నెత్తి మీద పెట్టుకుని, జేబులు తడుముకుంటూ ఆ రోడ్డు మీద పాట ఎత్తుకున్నాడు. వాయిద్యం లేదు, టీవీ లేదు. రెండో చరణానికి బావ కలిశాడు. సారు ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి నా అద్దాలు చూశారా అన్నట్టు చెయ్యి తిప్పి అడిగాడు. అక్క దగ్గరికీ వెళ్లాడు. అక్క ఆయన నెత్తి వంక చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తెల్వదని తల ఊపింది. అంతే, ఆడవాళ్ల వరుస మొత్తం నవ్వింది. సారు చివరికి బావ విస్తరి ముందు కూర్చుని తల వంచాడు. అద్దాలు ఖాళీ ఆకులో పడ్డాయి.

ఆ ఆకులో పులుసు లేదని అందరికీ కనబడింది. వడ్డించేవాడి చేతిలోంచి పిట్ సెక్రటరీయే గరిటె తీసుకున్నాడు. సారుకు వడ్డించాడు, బావకు వడ్డించాడు. కార్లు పోయాక నా పక్కకు వచ్చి అన్నాడు: "ఇద్దరు ముందే కూడబలుక్కున్నరు. నాకు తెల్వదనుకోకు."

సమ్మె తరువాత షెడ్డు తెరిచారు. పెద్ద మూతలో కూరలు పడ్డాయి. కానీ పిట్ సెక్రటరీ తన కూర ఊరికే పోసేవాడు కాదు. "బావా, ముందుగాల పాట చెప్పు," అనేవాడు. రిటైరయ్యే దాకా ఆ విచారణ నడిచింది.

"ఊరంతటికి కనబడుతున్నయి. ఒక్కడన్న ఎందుకు చెప్పలే? అందరు ఒకటైండ్రన్నట్టు. ఇది కుట్ర పాట."

"చెప్తే పాట అయిపోతది గదా అన్నా."

"టికెట్లాయన సర్కారు మనిషి. ఆయనకేం అవసరం?"

"నవ్వొస్తే నవ్వాలె, రాకుంటే ఊకోవాలె. దాంట్ల పంచాయితి ఏముంది?"

"మళ్లొకపారి మొదటి నుంచి పాడు. మెల్లగ."

బావ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మెల్లగా పాడేవాడు. పిట్ సెక్రటరీ ఒక్కో మాట దగ్గర ఆపించి, ఇదేంది, అదేంది అని అడిగేవాడు. షవల్ చెయ్యి ఎత్తిన రోజు కింద పడుకున్నది పిట్ సెక్రటరీ, పైన గొలుసు దగ్గర ఉన్నది బావ. కింద నుంచి కూడా ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి బావ కమాన్‌పూర్ దగ్గరి సొంతూరికి వెళ్లిపోయాడు. కొంత పత్తి వేసుకున్నాడు. చేనులో కూడా ఆ పాటలు పాడేవాడని, ఊరివాళ్లు మంత్రాలేమో అని కొన్నాళ్లు ఆ దారిన పోలేదని అక్క చెప్పింది.

బావ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి కాకి కోసం చూస్తాం. కాకి ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిందని. బావ చేను గట్టున ఆకు పెట్టాం. కల్లు, కోడికూర, బీడీలు. ముసురు సన్నగా పడుతోంది. పిట్ సెక్రటరీ తన గిన్నె తెచ్చి వంకాయ ఎండుచేపల కూర ఆకులో మొత్తం వంచాడు. గిన్నె మీద చెయ్యి కప్పుకోలేదు.

కాకి రాలేదు. కరెంటు తీగ మీద కూర్చుని చూస్తోంది, దిగదు. పెద్దమనుషులు ఒక్కొక్కటే అడిగారు. భూమి సంగతా, బిడ్డ సంగతా, ఎవరితోనన్నా మాట పట్టింపా అని. దేనికీ కాకి కదలలేదు. అక్క అంది: "ఆయన పాట ఒకటి పాడుండ్రి."

నాకు రాదు. వెల్డర్ భాయికి రాదు. రాగం వచ్చు, మాటలు రావు. పిట్ సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. డిమాండ్లు చదివినట్టు, రాగం లేకుండా, ఒక్క మాట పోకుండా మొదటి నుంచి చివరి దాకా పాడాడు. అర్థం దొరకబట్టాలని అన్నాళ్లు అడిగి అడిగి, మాలో ఆ పాట మొత్తం వచ్చినవాడు ఆయనొక్కడే అయ్యాడు. జేబులు కూడా తడుముకున్నాడు. పాట అయ్యాక, "దీంట్ల ఏదో ఉన్నది. నాకు దొరుకలేదంతే," అన్నాడు.

కాకి దిగింది. పాటకు దిగిందో, ఎండుచేపల వాసనకు దిగిందో నేను చెప్పలేను.

పోయే ముందు ఆయన సెల్‌ఫోన్‌లో టైము చూడబోయి జేబులు వెతుక్కున్నాడు. "నా అద్దాలు ఎవలన్న సూసిండ్రా?"

గట్టున ఉన్నవాళ్లందరం ఆయన నెత్తి వంక చూశాం. అక్క కొంగు సర్దుకుని, "నాకు తెల్వదన్నా," అంది.

ఆయనకు నిజంగానే తెలియదా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

రెండో షిఫ్టు డ్యూటీ ఉందని పిట్ సెక్రటరీ ఒంటిగంట ఆటోకు గోదావరిఖని వెళ్లిపోయాడు. అద్దాలు నెత్తి మీదే ఉన్నాయి.